మా నీళ్ల జబ్బు ఏ జర్నల్ పరిధిలోది?

మా మేనకోడలు కమ్యూనిటీ మెడిసిన్‌లో ఎండీ చేస్తోంది. థీసిస్ కోసం ఏడాది పాటు కనిగిరి చుట్టుపక్కల పల్లెల్లో తిరిగింది. ఊళ్లోకి వెళ్లగానే మనుషుల చేత మూడు పనులు చేయించేది. మోకాళ్లు మడవకుండా వంగి కాలి వేళ్లు పట్టుకోమనేది. గడ్డం ఛాతీకి ఆనించమనేది. రెండు చేతులూ ఎత్తి తల వెనక పెట్టుకోమనేది. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఫ్లోరోసిస్ జబ్బు ఎముకల్లోకి దిగిందేమో తొలి చూపులో పసిగట్టడానికి డాక్టర్లు వాడే పద్ధతి ఇది. ఒకరోజు నేనూ వెంట వెళ్లాను. పొగాకు ఎండబెట్టే బ్యారన్ల దగ్గర జీవితమంతా పనిచేసిన ఒక పెద్దాయన వంగబోయి మోకాళ్ల దగ్గరే ఆగిపోయాడు. "ఇంతేనమ్మా, ఇంతకు మించి రాదు" అన్నాడు. గడ్డం దించమంటే మనిషి మొత్తం ముందుకు వాలాడు గానీ మెడ మాత్రం కదల్లేదు. ఆయన ఏ బోరు నీళ్లు ఎన్నేళ్లు తాగాడు, పళ్లకు గార ఎంత పట్టింది, కీళ్లు ఎంతవరకు వంగుతున్నాయి, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తంలో ఎంత ఉంది... అన్నీ ఒకే ఫారంలో రాసుకుంది.

తర్వాత చిక్కంతా ఆ ఒక్క ఫారంతోనే వచ్చింది. పేపర్‌ను మొదట ఒక కిడ్నీ జర్నల్‌కు పంపితే నాలుగు రోజుల్లో తిరిగొచ్చింది. ఇది మా పరిధి కాదు, దంతవైద్యం లేదా ప్రజారోగ్యం జర్నల్ చూసుకోండి అన్నారు. దంతవైద్యం వాళ్లు కిడ్నీ భాగం తీసేస్తే చూస్తామన్నారు. మూడోది కాస్త పేరున్న అంతర్జాతీయ జర్నల్. విషయం స్థానికమైనది, మా పాఠకులకు ఆసక్తి ఉండకపోవచ్చు అని రెండు వాక్యాల్లో ముగించింది. "రివ్యూయర్ దాకా కూడా పోలేదు మామయ్యా, స్కోప్‌లో లేదంట" అంది ఫోన్‌లో. పేపర్‌ను చదివి పరీక్షించే నిపుణులు, అంటే రివ్యూయర్లు, తప్పులున్నాయని చెప్పి తిప్పి పంపితే దిద్దుకునేది. ఎవరూ చదవకుండానే వెనక్కి రావడం ఆ పిల్లకు మింగుడుపడలేదు.

ప్రతి వైద్య పరిశోధన జర్నల్‌కూ లక్ష్యాలు, పరిధి అని ఒక పేజీ ఉంటుంది. ఏ జబ్బుల మీద, ఏ రకం అధ్యయనాలు తీసుకుంటారో, ఒక్క రోగి కథ చెప్పే కేస్ రిపోర్టులు వేసుకుంటారో లేదో, జంతువుల మీద చేసిన పని పనికొస్తుందో లేదో అందులో రాసి ఉంటుంది. చాలామంది దాన్ని చదవకుండా నేరుగా పేపర్ పంపే బటన్ దగ్గరికి వెళ్తారు. నా దృష్టిలో జర్నల్ మొత్తంలో అన్నిటికంటే బరువైన పేజీ అదే. ఏ జబ్బును లెక్కలోకి తీసుకోవాలో, దేన్ని గుమ్మం బయటే ఆపాలో అక్కడే తేలిపోతుంది. పైగా ఒకే పేపర్‌ను ఒకేసారి రెండు జర్నళ్లకు పంపకూడదన్నది వైద్య పత్రికలన్నీ పాటించే నియమం. ఒక చోట కాదంటేనే ఇంకో చోటికి. గుమ్మం తప్పితే వారాలు, ఒక్కోసారి నెలలు పోతాయి.

అలాగని ప్రత్యేక జర్నళ్లే వద్దని నేను అనను. 1823లో లాన్సెట్ మొదలైనప్పుడు వైద్యం అంతా ఒక పత్రికలో పట్టేది. ఇప్పుడు పట్టదు. అదే లాన్సెట్ 2000లో క్యాన్సర్‌కు, 2001లో అంటువ్యాధులకు, 2002లో నరాల జబ్బులకు వేరే పత్రికలు పెట్టుకుంది. మన దేశంలో పిల్లల వైద్యులకు ఇండియన్ పీడియాట్రిక్స్ 1964 నుంచి ఉంది. కిడ్నీ బయాప్సీ ఫొటో చూసి ఇది సరైనదా కాదా అని చెప్పాలంటే రోజూ వాటినే చూసే మనిషి కావాలి. అలాంటి రివ్యూయర్ దొరికేది ప్రత్యేక జర్నల్ దగ్గరే. చదివేవాళ్లకూ అదే సుఖం. రోజంతా ఓపీ చూసిన ఎముకల డాక్టర్‌కు రాత్రిపూట అన్ని శాఖల పేపర్లూ తిరగేసే ఓపిక ఎక్కడిది?

చిక్కల్లా జబ్బు ఈ శాఖల గదుల లెక్క ప్రకారం రాకపోవడంలో ఉంది. ఫ్లోరైడ్ పళ్లలోకీ వెళ్తుంది, ఎముకల్లోకీ వెళ్తుంది. ఒంట్లోంచి దాన్ని బయటికి పంపాల్సినవి కిడ్నీలే. కిడ్నీ దెబ్బతింటే ఫ్లోరైడ్ ఒంట్లో ఇంకా పేరుకుపోతుంది. మనిషిలో ఇదంతా ఒకటే కథ. జర్నళ్ల లెక్కలో మాత్రం దంతవైద్యం, ఆర్థోపెడిక్స్ (ఎముకల వైద్యం), నెఫ్రాలజీ (కిడ్నీ వైద్యం), నీళ్ల రసాయనం అని నాలుగు ముక్కలు.

మా ప్రాంతానికి ఈ ముక్కల గొడవ కొత్తది కాదు. 1930ల్లో ఇక్కడి రైతులు ముందు గమనించింది ఎద్దుల్ని. కీళ్లు బిగుసుకుపోయి, నడవలేక, దుక్కికి పనికిరాకుండా పోయాయవి. ఆ సంగతి పశువుల జబ్బుగా 1935లో వ్యవసాయ పరిశోధన నివేదికలోకి ఎక్కింది. అదే నీళ్లు తాగిన మనుషుల సంగతి వైద్య పత్రికల్లోకి వచ్చింది 1937లో. మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ డైరెక్టర్ హెచ్.ఇ. షార్ట్, సి.జి. పండిట్, రాఘవాచారి కలిసి రాసిన వ్యాసం ఆ ఏడాది ఇండియన్ మెడికల్ గెజిట్‌లో వచ్చింది. నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ అనే అర్థంలో దానికి పేరు పెట్టారు. అదే ఏడాది షార్ట్ మరికొందరితో కలిసి రాసిన పెద్ద వ్యాసాన్ని ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్ వేసుకుంది. మన దేశంలో మనుషుల ఫ్లోరోసిస్ గురించి వైద్యలోకానికి తెలిసింది అప్పుడే. పొదిలి, దర్శి, కనిగిరి అప్పట్లో నెల్లూరు జిల్లావే. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు ఇటు వచ్చాయి, 1972లో ఆ జిల్లాకే ప్రకాశం అని పేరు పెట్టారు.

ఆ రెండు పత్రికల పరిధి ఎంత విశాలంగా ఉండేదో చూడండి. గెజిట్ 1866లో కలకత్తాలో మొదలైంది. ఊళ్లలో పనిచేసే డాక్టర్ తన ఆసుపత్రిలో చూసింది రాసి పంపితే వేసుకునేది. రెండోది 1913లో మొదలైంది, ఇప్పుడు భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) నడుపుతోంది. ఇది పళ్ల జబ్బా, ఎముకల జబ్బా అని వాళ్లు అడగలేదు. ఒక జిల్లాలో మనుషులు వంగలేకపోతున్నారు, కారణం నీళ్లలో ఉంది... వాళ్లకు అంత చాలింది. గెజిట్ పాత సంచికలు ఇప్పుడు వైద్య వ్యాసాలు దాచే వెబ్‌సైట్ పబ్‌మెడ్ సెంట్రల్‌లో ఉచితంగా దొరుకుతాయి. కనిగిరి బస్టాండులో నిలబడి ఫోన్‌లో చదవొచ్చు. నేను అలాగే చదివాను. మా తాతల కాలం నాటి నీళ్ల గురించి ఎవరో అంత శ్రద్ధగా రాసిపెట్టారని చూసి మనసు నిండిపోయింది.

ఇప్పటి సంగతికొద్దాం. ఆంధ్రా తీరంలో రెండు జిల్లాల్లో కిడ్నీ జబ్బు, అందులో తాగునీటి పాత్ర మీద 2013లో ఒక వ్యాసం వచ్చింది. ఆ రెండూ శ్రీకాకుళం, ప్రకాశం. అది అచ్చయింది ఎన్విరాన్‌మెంటల్ జియోకెమిస్ట్రీ అండ్ హెల్త్ అనే జర్నల్‌లో. భూమి, నీళ్ల రసాయనం చూసేవాళ్ల పత్రిక అది. నీళ్ల పరీక్షలకు అక్కడ సరైన రివ్యూయర్లు ఉంటారు కాబట్టి రాసినవాళ్లు అక్కడికి పంపడంలో తప్పేం లేదు. కానీ ఒంగోల్లో డయాలసిస్ చేసే డాక్టర్ ఆ పత్రిక ఎందుకు తెరుస్తాడు? శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం కథ వేరుగా నడిచింది. 2019లో ఉద్దానం పేరు టైటిల్‌లోనే పెట్టుకుని కిడ్నీ ఇంటర్నేషనల్ రిపోర్ట్స్‌లో వ్యాసం వచ్చింది. అప్పటికే శ్రీలంక, మధ్య అమెరికా దేశాల పుణ్యమా అని కారణం తెలియని కిడ్నీ జబ్బు అనే ఒక గది నెఫ్రాలజీలో తయారై ఉంది. ఉద్దానం ఆ గదిలో ఇమిడింది. ప్రపంచంలో కిడ్నీ డాక్టర్లు ఎక్కడున్నా ఆ పేరు విన్నారు. పళ్లు, ఎముకలు, కిడ్నీ మూడూ కలిసిన మా జబ్బుకు అలాంటి గది లేదు.

గది లేదంటే పూర్తిగా లేదనీ కాదు. ఫ్లోరైడ్ అనే పేరుతోనే ఒక జర్నల్ 1968 నుంచి వస్తోంది. మనుషులు, పశువులు, మొక్కలు, నీళ్లు, ఫ్లోరైడ్ తాకిన ప్రతిదీ దాని పరిధిలోదే. మా ఎద్దుల కథ, మా తాతల కథ అందులో పక్కపక్కనే పడుకోగలవు. అయితే ఆ పత్రికను చదివేది ముందే ఫ్లోరైడ్ గురించి తెలిసినవాళ్లు. తెలియని డాక్టర్‌కు తెలియజెప్పాలంటే అతను రోజూ చదివే చోటికే వెళ్లాలి. అందుకే 1973లో హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు, ఫ్లోరోసిస్ ప్రాంతాల్లో మోకాళ్లు లోపలికి వంగిపోయే లక్షణం గురించి లాన్సెట్‌లో రాయడం అంత పెద్ద విషయం అయింది.

పరిధి ఇరుకైతే ఒక బాధ, హద్దే లేకపోతే ఇంకో ప్రమాదం. పీజీ స్టూడెంట్ల మెయిళ్లకు రోజూ వచ్చే ఆహ్వానాలు చూస్తే అర్థమవుతుంది. గుండె నుంచి యోగా దాకా అన్నీ మా పరిధే, వారంలో అచ్చు వేస్తాం, ఫీజు మాత్రం ముందు కట్టండి అంటారు. పేపర్లుంటేనే ప్రమోషన్ అనే నిబంధన నడుస్తున్నంత కాలం ఈ దుకాణాలకు గిరాకీ తగ్గదు. హైదరాబాద్‌లో మొదలైన ఒమిక్స్ సంస్థ మీద 2019 మార్చిలో అమెరికా కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టాలని తీర్పు ఇచ్చింది. సరైన రివ్యూ లేకుండానే ఉందని నమ్మించి, ఫీజుల సంగతి దాచిపెట్టారన్నది ఆరోపణ. మా మేనకోడలికి మూడోసారి తిరస్కరణ వచ్చిన రాత్రి అలాంటి మెయిల్ ఒకటి వచ్చింది. ఆ టెన్షన్‌లో ఎవరైనా డబ్బు కట్టేస్తారు. తను కట్టలేదు. ఆ నిబ్బరానికి ఆ పిల్లను మెచ్చుకోకుండా ఉండలేను.

చదివే దారి మాత్రం ఈ మధ్య కొంత తెరుచుకుంది. కేంద్రం వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ పథకం కింద మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు పెట్టి, 30 ప్రచురణ సంస్థల నుంచి దాదాపు 13,000 జర్నళ్లను 2025 జనవరి నుంచి ప్రభుత్వ విద్యాసంస్థలకు అందిస్తోంది. మంచి పని. కానీ ప్రైవేటు కాలేజీలో చదివే పిల్లలకు, పొదిలిలో క్లినిక్ పెట్టుకున్న డాక్టర్‌కు ఆ తాళం అందలేదు.

నేను అడిగేది ఒక్కటే. మన దేశంలో కిడ్నీ, ఎముకలు, దంతవైద్యం సంఘాలు నడిపే జర్నళ్లు తమ పరిధి పేజీలో ఒక వాక్యం చేర్చాలి: ఒక ప్రాంతానికి పరిమితమైన జబ్బు మీద, ఒకటికి మించిన శాఖలను తాకే అధ్యయనాలను కూడా పరిశీలిస్తాం అని. ఆ ఒక్క వాక్యం ఉంటే ఎడిటర్ నాలుగు రోజుల్లో తిప్పి పంపే బదులు ఇద్దరు వేరు వేరు శాఖల రివ్యూయర్లకు పంపుతాడు. ఖర్చు పెద్దగా ఉండదు. రివ్యూయర్లను వెతికే శ్రమ కొంచెం పెరుగుతుంది, అంతే. స్థానికం కాబట్టి ఆసక్తి ఉండదనే మాట నాకు అసలు ఒప్పుదల కాదు. 1937 నాటి వ్యాసం కూడా ఒక జిల్లా గురించే. ఇప్పటికీ ఫ్లోరోసిస్ మీద రాసేవాళ్లు దాన్ని తలుచుకుంటూనే ఉన్నారు. దేశంలో ఫ్లోరోసిస్ నివారణ కార్యక్రమం 2008-09లో మొదలుపెట్టినప్పుడు తొలి విడత జిల్లాల్లో నెల్లూరు ఉంది.

మా మేనకోడలి గైడ్ మంచి మనిషే. ఆయన ఇచ్చిన సలహా, టైటిల్‌లో కనిగిరి తీసేసి దక్షిణ భారతంలో ఒక ప్రాంతం అని పెట్టమని. అలా అయితే కాస్త పెద్దగా కనిపిస్తుందని ఆయన ఉద్దేశం. తను రెండు రోజులు ఆలోచించింది. ఈలోగా రక్తపరీక్ష రిపోర్టులు ఇవ్వడానికి మళ్లీ ఊరెళ్తే ఆ పెద్దాయన అడిగాడట, "నా పేరు పడిందా అమ్మా?" అని.

"పేర్లు వెయ్యరు తాతా."

"పోనీ, ఊరి పేరన్నా పడుద్దా?"

నాలుగో జర్నల్‌కు పంపిన పేపర్ టైటిల్‌లో కనిగిరి అలాగే ఉంది. పది వారాలైంది, ఇంకా రివ్యూలోనే ఉంది.