సవరణ: కలంకారీ నలుపు బొగ్గుతో కాదండీ

మొన్న శ్రీకాళహస్తి కలంకారీ, అంటే గుడ్డ మీద కలంతో బొమ్మలు వేసే కళ గురించి రాసినప్పుడు, నల్ల గీతలు బొగ్గు రంగుతో వేస్తారని, గుడ్డని పాలలో ముంచేది మెరుపు కోసమని రాశాను. రెండూ తప్పే, క్షమించండి.

బొగ్గు వాడేది నిజమే కానీ అది మొదట బొమ్మ రూపు గీసుకోడానికి మాత్రమే, చింతపుల్లలు కాల్చి చేసుకుంటారు. అసలు నలుపు కసిమి. తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్ళు కుండలో వేసి రెండు మూడు వారాలు పులియబెడితే వచ్చే నీళ్ళు అది. గుడ్డకి ముందే కరక్కాయ పట్టించి ఉంటారు కదా, కరక్కాయలో వగరు, కసిమిలో ఇనుము కలిస్తేనే నలుపు పుడుతుంది, అంటే రంగు కుండలో కాదు గుడ్డ మీదే తయారవుతుంది, నాకు ఇందులో అన్నిటికన్నా నచ్చేది ఇదే. కరక్కాయ పట్టించని గుడ్డ మీద గీస్తే ఆ నలుపు రాదు.

ఇక ఆ కరక్కాయ నీళ్ళలో గేదె పాలు కలిపేది గీత పాకకుండా ఉండటానికి. కలం అంటే వెదురుపుల్ల, దానికి చుట్టిన ఉన్ని రంగుని పీల్చుకుని ఉంటుంది, వేళ్ళతో నొక్కినకొద్దీ దిగుతుంది. గీత సన్నమా లావా అన్నది ఆ నొక్కుడులోనే ఉంది, అదే ఒక్కో కళాకారుడి చేతి తీరు.

ఇంకోటి, కృష్ణా జిల్లా పెడనలో చేసే కలంకారీ చెక్క అచ్చులతో అద్దేది, అక్కడ గీతలు కలంతో గీయరు. రెండూ కలిపి రాసేశాను, అదీ సరిచేసుకోండి.