పాత లాంబ్రెట్టా స్కూటర్ అమ్మేయమంటున్న మెసేజ్‌కి ఒక్కో మాటకూ జవాబు

ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ చాలా రోజులుగా చక్కర్లు కొడుతోంది. అందులో ఉన్నది ఇదీ: "ఇంట్లో పాత లాంబ్రెట్టా ఉందా? 15 ఏళ్లు దాటిన బండి రోడ్డెక్కితే సీజ్ చేస్తారు. మన దేశంలో తయారైంది అసలు ఇటలీ బండే కాదు. స్పేర్లు ఇటలీ నుంచి రావాలి. ఇంట్లో బాగుచేయడం అయ్యే పని కాదు. ఇప్పటి ఇథనాల్ పెట్రోలుకు ఇంజను నెలలో పోతుంది. అమ్మేయండి. అమ్మనంటే శాండ్ బ్లాస్టింగ్ చేయించి, కొత్త రంగు, క్రోమ్ వేయించండి, అప్పుడే దానికి విలువ." చివర్లో, మీ ఇంటికే వచ్చి బండి తీసుకెళ్తామని ఒక లైను. ఆ ఒక్క లైను కోసమే పై లైన్లన్నీ రాశారని నా నమ్మకం.

ఇది చదివి భయపడి, వచ్చిన రేటుకి బండి ఇచ్చేసినవాళ్లు నాకు తెలుసు. మన వైపు డుకాటి, మోటో గుజ్జి లాంటి పాత ఇటలీ మోటార్ సైకిళ్లు కనబడవు. మనకు ఇటలీ బండి అంటే లాంబ్రెట్టా, వెస్పా. తేరుబలి, జేకేపూర్ ఫ్యాక్టరీల్లో పనిచేసి రిటైరైనవాళ్ల ఇళ్లలో గోనెసంచుల కింద ఇంకా కొన్ని ఉన్నాయి. అవి పోకముందే ఈ జవాబు రాయాలనిపించింది.

"15 ఏళ్లు దాటితే సీజ్ చేస్తారు." తప్పు. పెట్రోలు బండికి 15 ఏళ్లు, డీజిలు బండికి 10 ఏళ్లు అన్న నిషేధం ఢిల్లీ, దాని చుట్టుపక్కల ప్రాంతానికి సంబంధించింది. హరిత ట్రిబ్యునల్ ఆదేశాలతో మొదలైంది, 2018లో సుప్రీంకోర్టు కూడా సమర్థించింది. రాయగడకూ గజపతికీ దానితో సంబంధం లేదు. ఇక్కడ సొంత బండికి 15 ఏళ్లు నిండాక రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించుకోవాలి, ఆ తర్వాత ఐదేళ్లకోసారి. ఫీజులు పెరిగిన మాట నిజమే. 2022 ఏప్రిల్ నుంచి ద్విచక్ర వాహనానికి 300 నుంచి 1,000 రూపాయలైంది. 2025 ఆగస్టులో 20 ఏళ్లు దాటిన వాటికి 2,000 చేశారు. ఆలస్యమైతే నెలకు 300 రూపాయల చొప్పున అదనం. మూలన పడి ఉన్న బండికి ఇది భారమే, కాదనను. కానీ రుసుము కట్టాల్సి రావడం వేరు, బండి లాక్కెళ్లడం వేరు.

50 ఏళ్లు దాటిన బండికి ఇంకో దారి ఉంది. 2021 జులైలో కేంద్రం వింటేజ్ వాహనాల రూల్సు తెచ్చింది. కొత్త వింటేజ్ రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది, రెన్యువల్‌కు 5,000. నంబరులో 'వి.ఏ.' అక్షరాలు వస్తాయి. దానిమీద రోజూ ఆఫీసుకు వెళ్లడానికి కుదరదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, రిపేరుకు తీసుకెళ్లొచ్చు. ఒక షరతు మాత్రం బాగా గుర్తుపెట్టుకోండి: ఛాసిస్, బాడీ, ఇంజను అసలు రూపంలోనే ఉండాలి, పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. ఈ షరతుతో కిందన మళ్లీ పని పడుతుంది.

మన సరిహద్దువాళ్లకు అసలు తలనొప్పి వేరే ఉంది. దాని గురించి మెసేజ్‌లో ఒక్క ముక్క లేదు. రాయగడ, గజపతి జిల్లాలు ఏర్పడింది 1992లో. అంతకుముందు ఇవి కోరాపుట్, గంజాం జిల్లాల్లో భాగాలు. కాబట్టి 1960ల నాటి ఆర్‌సీ పుస్తకం తీసుకుని రాయగడ ఆఫీసుకు వెళ్తే మీ రికార్డు అక్కడ ఉండకపోవచ్చు, కోరాపుట్‌లో అడగాలి. బండి శ్రీకాకుళంలోనో పార్వతీపురంలోనో కొన్నదైతే ఆంధ్రా ఆఫీసు నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ తెచ్చుకుని, ఇక్కడ ఫారం 27తో కొత్త నంబరుకు దరఖాస్తు పెట్టాలి. తాతగారి పేరు మీదే ఉండిపోతే ముందు వారసుల పేరుకు మార్పించాలి. విసుగొచ్చే పనే, కానీ జరిగే పని. ఆర్‌సీ పుస్తకం చెదలు తినకముందే నాలుగు జిరాక్సులు తీయించి పెట్టండి.

"ఇండియాలో తయారైంది ఇటలీ బండి కాదు." ఈ మాట వింటే నాకు నిజంగా కోపం వస్తుంది. లాంబ్రెట్టాను మిలాన్‌లో ఇన్నోసెంటి కంపెనీ 1947లో మొదలుపెట్టింది. బొంబాయిలోని ఏపీఐ (ఆటోమొబైల్ ప్రోడక్ట్స్ ఆఫ్ ఇండియా) కంపెనీ 1950ల నుంచే దాన్ని ఇక్కడ బిగించి అమ్మింది. అందులో ఎల్‌ఐ 150 అనే మోడల్ తర్వాత కాలంలో 'లాంబీ' అయింది. ఇటలీలో 1971లో తయారీ ఆగిపోయింది. ఆ ఫ్యాక్టరీ యంత్రాలనే మన ప్రభుత్వం కొని లక్నోకు తెచ్చింది. 1972లో స్కూటర్స్ ఇండియా లిమిటెడ్ పెట్టి, 1975 నుంచి 'విజయ్ సూపర్' తయారుచేసింది, విదేశాలకు లాంబ్రెట్టా పేరుతోనే పంపింది. వాటి మూడు చక్రాల చుట్టం 'విక్రమ్' ఆటో. మిలాన్‌లో వాడిన యంత్రాల మీద పుట్టిన బండిని నకిలీ అంటే ఎలా?

"స్పేర్లు ఇటలీ నుంచి రావాలి." నిజం దాదాపు దీనికి ఎదురుగా ఉంది. మన దేశంలో అన్నేళ్లు తయారైంది కాబట్టి స్పేర్లు ఇక్కడే పుడుతున్నాయి, ఇక్కణ్ణుంచే యూరప్‌కు వెళ్తున్నాయి. చెన్నై పుదుపేట, కోల్‌కతా మల్లిక్ బజార్, ఢిల్లీ కరోల్‌బాగ్‌లలో వెతికితే దొరకనిది తక్కువ. టైరు 3.50-10, చేతక్‌కు వేసేదే. క్రాంకులో (పిస్టన్ తిప్పే ఇరుసులో) గొలుసు వైపు బేరింగ్ 6305, ఏ బేరింగుల షాపులోనైనా ఉంటుంది. గేర్ ఆయిల్ ఎస్‌ఏఈ 90, ముప్పావు లీటరు కూడా పట్టదు. జాగ్రత్తపడాల్సింది నాణ్యతలో. చవక ఆయిల్ సీళ్లు (ఇరుసు చుట్టూ ఉండే రబ్బరు రింగులు), చవక కండెన్సర్లు (ప్లగ్ నిప్పుకు పనికొచ్చే చిన్న భాగం) మళ్లీ పని పెడతాయి. ఆ రెండింటి దగ్గర మాత్రం డబ్బు చూసుకోకండి.

"ఇంట్లో అయ్యే పని కాదు." అసలు విషయం ఇక్కడే ఉంది కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

లాంబ్రెట్టా ఇంజను టూ స్ట్రోక్, ఒకే సిలిండరు. ఎల్‌ఐ 150లో 148 సీసీ, బోరు 57, స్ట్రోకు 58 మిల్లీమీటర్లు. వాల్వులు లేవు, క్యామ్ లేదు, ఆయిల్ పంపు లేదు. ఓపిక ఉన్న మనిషి పెరట్లో చాప పరుచుకుని విప్పగలిగిన ఇంజను ఇది. విప్పే ముందు ప్రతి దశా ఫోన్‌లో ఫొటో తీసుకోండి, బోల్టులు ఏ భాగానివి ఆ డబ్బాలో వేయండి.

ఏళ్లతరబడి ఆగిన బండిని కిక్ కొట్టి చూడొద్దు. పిస్టన్ పట్టేసి ఉంటే కిక్ పళ్లు విరుగుతాయి. ప్లగ్ విప్పి, సిలిండర్లోకి కొంచెం డీజిలు, ఇంజనాయిలు కలిపి పోసి కొన్ని రోజులు వదిలేయండి. తర్వాత ఫ్లైవీల్‌ను (క్రాంకు చివర ఉండే బరువైన చక్రాన్ని) చేత్తో అటూ ఇటూ మెల్లగా కదపండి. చాలా పిస్టన్లు దీనికే వదులుతాయి. ఫ్లైవీల్ తీయడానికి సుత్తి వాడొద్దు, పుల్లర్ వాడండి. కొలత ఇస్తే లేత్ షాపువాళ్లు తిప్పి ఇస్తారు. సుత్తి దెబ్బకు ఫ్లైవీల్ పగలొచ్చు, క్రాంకు వంకర పోవచ్చు.

ఫ్లైవీల్ కింద పాయింట్లు, అంటే తెరుచుకుంటూ మూసుకుంటూ ప్లగ్‌లో నిప్పు పుట్టించే చిన్న స్విచ్చు, కనబడతాయి. మూసి ఉన్న పాయింట్ల మధ్య తెల్లకాగితం ముక్క పెట్టి లాగితే నల్లటి చార వస్తుంది. చార రావడం ఆగేదాకా శుభ్రం చేసి, గ్యాపు సుమారు 0.4 మిల్లీమీటరు పెడితే చాలా బండ్లలో ప్లగ్ దగ్గర నీలి నిప్పు వచ్చేస్తుంది. ఇక్కడితో పని అయిపోయిందనుకుని స్టార్ట్ చేసేవాళ్లే ఇంజను పోగొట్టుకునేది. టూ స్ట్రోక్ ఇంజన్లో క్రాంక్ గది గాలి చొరబడకుండా ఉండాలి. ఫ్లైవీల్ వైపు ఆయిల్ సీల్ ఎండి బీటలు తీస్తే, పెట్రోలుతో పాటు వట్టి గాలి కూడా లోపలికి పోతుంది. మిశ్రమం పలచబడుతుంది, వేడి పెరుగుతుంది, నాలుగు కిలోమీటర్లు పోయాక పిస్టన్ పట్టేస్తుంది. యాక్సిలేటర్ వదిలినా ఇంజను అరుపు తగ్గకపోతే ముందుగా అనుమానించాల్సింది దీన్నే.

పరీక్ష ఇంట్లోనే చేయొచ్చు. కార్బొరేటరు మూతినీ సైలెన్సరు మూతినీ రబ్బరు, ఇనుప పట్టీలతో బిగించి, ప్లగ్ బిగించే ఉంచి, మీటరున్న సైకిల్ పంపుతో 5–6 పీఎస్‌ఐ గాలి ఎక్కించండి. అంతకు మించొద్దు. ముల్లు కొన్ని నిమిషాలపాటు నిలబడాలి. పడిపోతుంటే సబ్బునీళ్లు రాయండి. బుడగ ఎక్కడ లేస్తే అక్కడ లీకు. సిలిండరు కింద ప్యాకింగ్ దగ్గరా లేవొచ్చు, సీల్ దగ్గరా లేవొచ్చు. సీల్ మార్చడానికి అయ్యేది కొద్ది మొత్తం. మార్చకపోతే బోరింగ్, పిస్టన్, ఒక్కోసారి క్రాంకు కూడా. గుణుపురంలో నాకు పని నేర్పిన మిస్త్రీ బాబాయి ఈ బుడగలు చూడకుండా ఏ లాంబ్రెట్టా ఇంజనూ ఫ్రేములోకి ఎక్కించేవాడు కాదు. "ముందు గాలి నిలబెట్టు బాబూ, తర్వాత బండి అదే నిలబడతాది" అనేవాడు.

బయటివాళ్లతో చేయించాల్సిన పనులు ఉన్నాయి. బోరింగ్, క్రాంకు అలైన్‌మెంటు, వెల్డింగు లేత్ షాపులో చేయించండి. అందుకు మన రాయగడ చాలు, మహా అయితే విజయనగరం. ఒక జాగ్రత్త: పాత బ్రేకు లైనింగుల్లో ఊపిరితిత్తులకు చెరుపు చేసే ఆస్‌బెస్టాస్ ఉంటుంది. ఆ పొడిని కంప్రెషర్‌తో ఊదకండి, తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డ పారేయండి. పిల్లల్ని దగ్గరికి రానివ్వొద్దు.

"ఇథనాల్ పెట్రోలుకు ఇంజను నెలలో పోతుంది." ఇందులో సగం నిజం ఉంది. 20 శాతం ఇథనాల్ పెట్రోలు 2023లో బంకుల్లోకి వచ్చింది, ఇప్పుడు దాదాపు ప్రతిచోటా అదే. ఇథనాల్ తేమను పీలుస్తుంది, పాత రబ్బరును ఉబ్బిస్తుంది, మిశ్రమాన్ని కొంచెం పలచన చేస్తుంది. మన వైపు వానాకాలం తేమ సంగతి చెప్పక్కర్లేదు. నాగావళి పక్కన షెడ్డులో నెలలు నిలవున్న పెట్రోలులో నీళ్లు విడిపోయి ట్యాంకు అడుగున చేరతాయి, అక్కణ్ణుంచి తుప్పు మొదలు. దీనికి విరుగుడు ఉంది. పెట్రోలు గొట్టం, కాక్ (పెట్రోలు కుళాయి) లోపలి రబ్బర్లు, కార్బొరేటరు వాషర్లు ఇథనాల్‌కు ఆగే రకం వేయండి. ప్లగ్ మరీ తెల్లగా కాలుతుంటే కార్బొరేటరులో పెట్రోలు వచ్చే మెయిన్ జెట్ ఒక సైజు పెంచండి. బండి నడపని నెలల్లో ట్యాంకు, కార్బొరేటరు ఖాళీ చేసి పెట్టండి. పెట్రోలులో కలిపే ఆయిల్ విషయంలో కంపెనీ పుస్తకం పాత ఎల్‌ఐ బండ్లకు చెప్పింది 4 శాతం, అంటే లీటరుకు 40 మిల్లీలీటర్లు. కొత్తగా బోరింగ్ చేసిన ఇంజనుకు అందులో పిసినారితనం వద్దు.

ట్యాంకులో ఇప్పటికే తుప్పు ఉంటే, నీళ్లలో చాకలి సోడా కలిపి నింపి, 12 వోల్టుల బ్యాటరీ ఛార్జరు మైనస్ ట్యాంకుకు, ప్లస్ మధ్యలో ట్యాంకుకు తగలకుండా వేలాడదీసిన మామూలు ఇనుప కడ్డీకి పెడితే తుప్పు వదులుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీ వాడొద్దు, విషం పుడుతుంది. పెట్రోలు చుక్క, ఆవిరి లేకుండా ముందే కడిగి, ఈ పని ఆరుబయటే చేయండి. హైడ్రోజన్ వస్తుంది, దగ్గర్లో బీడీ కూడా వెలిగించకూడదు.

"కొత్త రంగు, క్రోమ్ వేయిస్తేనే విలువ." మెసేజ్ మొత్తంలో ఎక్కువ నష్టం చేసేది ఈ మాటే. శాండ్ బ్లాస్టింగ్ (గాలి ఒత్తిడితో ఇసుక కొట్టి పాత రంగు వదిలించడం) గట్టిగా కొడితే డోముల (ఇంజను పక్కల కప్పే రేకుల) పలచటి రేకు అలలు తిరుగుతుంది. ఆ అలల్ని దాచడానికి కిలోలకొద్దీ పుట్టీ. మూయని రంధ్రాల్లోకి దూరిన ఇసుక తర్వాత బేరింగులను తినేస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, ఛాసిస్ నంబరు మీద గ్రైండరు తిప్పినా, మందంగా రంగు కొట్టినా ఆర్‌టీవో ఆఫీసులో ఇన్‌స్పెక్టరుకు అది కనబడదు. కనబడని నంబరును మళ్లీ గుద్దించారంటే దొంగబండి కేసులో ఇరుక్కున్నట్టే. పైన చెప్పిన వింటేజ్ షరతు ఇప్పుడు గుర్తుతెచ్చుకోండి. అసలు రూపం పోగొట్టి, తర్వాత అసలు రూపంలో ఉందని ఎలా రాసిస్తారు?

ఇన్నోసెంటి రోజుల పాత రంగు పొర, మీ నాన్నగారు వేయించిన చేతిరాత నంబరు ప్లేటు, డీలరు అంటించిన చిన్న రేకు, ఇవి మళ్లీ కొనడానికి దొరకవు. మెత్తటి గుడ్డతో రబ్బింగ్ కాంపౌండు రుద్ది చూడండి, పైన పేరుకున్న మసి పోయి అడుగున రంగు బయటపడుతుంది. తుప్పు లోతుగా తిన్నచోట మాత్రమే ఆ ముక్కకు టింకరింగు, ఆ ముక్కకు రంగు. లోపల ఇంజను, బ్రేకులు, కేబుళ్లు, వైరింగు అన్నీ కొత్తవాటిలా ఉండాలి, అక్కడ రాజీ లేదు. పైన ఎంత తక్కువ ముట్టుకుంటే అంత మంచిది. తెలిసి కొనేవాళ్లు ముందు చూసేది ఇదే. తళతళలాడే బండి కావాలనేవాళ్లకు రేపైనా రంగు వేయొచ్చు, గీకేసిన రంగును మాత్రం ఎవరూ తిరిగి తేలేరు.

రాయగడ, గుణుపురం చుట్టుపక్కలవాళ్లు ఎవరైనా ఇంజను విప్పాలనుకుంటే లాంబ్రెట్టా ఫ్లైవీల్ పుల్లర్, క్లచ్ నొక్కే పనిముట్టు, మీటరున్న పంపు నా దగ్గర ఉన్నాయి. ఈ గ్రూపులోనే చెప్పండి, తీసుకెళ్లి పనయ్యాక తెచ్చివ్వండి. బండి మాత్రం ఆ మెసేజ్ పంపినవాళ్లకు ఇచ్చేయకండి.