రూట్ కెనాల్ ఫెయిలైతే పన్ను పీకించాల్సిందేనా?

వాట్సాప్‌లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. అందులో ఉన్నది ఇదీ: రూట్ కెనాల్ (పన్ను లోపలి నరం తీసేసి, వేర్లలోని సన్నటి కాలువలు శుభ్రం చేసి నింపే చికిత్స) ఒకసారి ఫెయిలైతే ఇక ఏ వైద్యమూ పనిచేయదు, చచ్చిన పన్ను విషం గుండెకూ కిడ్నీలకూ పాకుతుంది కాబట్టి పీకించెయ్యాలి, అప్పటిదాకా యాంటీబయాటిక్స్ వాడితే చాలు, నొప్పి లేనివాళ్లు మాత్రం నిశ్చింతగా ఉండొచ్చు.

ఆ చివరి మాటే అన్నిటికన్నా ప్రమాదం. రూట్ కెనాల్ చేయించుకున్న నా పై దవడ పన్నుకు నొప్పి అనేదే లేదు. చిగురు మీద ఆవగింజంత పొక్కు లేచేది, చితికి కాస్త ఉప్పగా చీము వచ్చేది, మళ్లీ మానేది. వేడి చేసిందనుకుని నెలలు గడిపేశాను. చివరికి డాక్టరు ఆ పొక్కు రంధ్రంలోంచి సన్నటి గట్టాపెర్చా (కాలువలు నింపే రబ్బరులాంటి పదార్థం) పుల్ల దూర్చి ఎక్స్‌రే తీస్తే, తెల్లటి గీత నేరుగా వేరు కొస దగ్గర ఆగింది. చీముకు బయటికి దారి దొరికింది కాబట్టే నొప్పి లేదట. దీనికి తిరగేసినదీ నిజమే: చికిత్సయ్యాక నాలుగు రోజులు కొరికితే నొప్పిగా ఉన్నంత మాత్రాన ఫెయిలైనట్టు కాదు. ఎక్స్‌రేలో వేరు కింద కనిపించే నల్లమచ్చ పూడటానికి ఏడాది, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పడుతుంది.

ఇక "ఏ వైద్యమూ పనిచేయదు" అన్నది. ఎందుకు ఫెయిలైందో చూడకుండా ఆ మాట ఎలా అంటారు? పై దవడ మొదటి పెద్ద పన్నుకు వేర్లు మూడే అయినా కాలువలు చాలామందికి నాలుగుంటాయి. ఆ నాలుగోది వెంట్రుకంత సన్నం, తేలిగ్గా తప్పిపోతుంది. నాకు జరిగింది అదే. కొందరికి క్యాప్ అంచు లీకై లాలాజలంతోపాటు బ్యాక్టీరియా లోపలికి చేరుతుంది. ఇలాంటప్పుడు క్యాప్ తీసి, పాత గట్టాపెర్చా లాగేసి, కాలువలు మళ్లీ శుభ్రం చేసి నింపుతారు. పైనుంచి దారి లేకపోతే చిగురు తెరిచి వేరు కొసను సుమారు 3 మిల్లీమీటర్లు కోసి, అటువైపు నుంచి మూసేస్తారు. పేరు వింటే టెన్షన్ వస్తుంది గానీ, మామూలుగా మత్తింజెక్షన్‌తో అయిపోయే పనే.

విషం కథ పాతది. వెస్టన్ ప్రైస్ అనే అమెరికన్ దంతవైద్యుడు 1920లలో, రూట్ కెనాల్ చేసిన పళ్లను పీకి కుందేళ్ల చర్మం కింద పెట్టి ఈ సిద్ధాంతం చెప్పాడు. తర్వాత జాగ్రత్తగా చేసిన ప్రయోగాల్లో అది నిలబడలేదు. అయినా వందేళ్లుగా ఎవరో ఒకరు ఫార్వర్డ్ చేస్తూనే ఉన్నారు.

యాంటీబయాటిక్ రక్తంతో వెళ్లే మందు. నరం తీసేసిన కాలువలోకి రక్తమే పోదు, మందెలా పోతుంది? ముఖం వాచినా, జ్వరమొచ్చినా అది అవసరమే, కానీ చీము తీసే చికిత్సతోపాటు. మింగడమో ఊపిరో కష్టమైతే మాత్రం వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి.

పీకక తప్పని పళ్లూ ఉన్నాయి. వేరు నిలువునా చీలినా, క్యాప్ నిలిచేంత పన్ను మిగలకపోయినా మళ్లీ రూట్ కెనాల్ చేయడం డబ్బు దండగ. అప్పుడు ఇంప్లాంటో బ్రిడ్జో ఆలోచించాలి, ఎందుకంటే ఖాళీ అలాగే వదిలేస్తే పక్క పళ్లు అటు ఒరిగే అవకాశం ఉంది. అయితే పీకుదామని ఎవరన్నా అంటే ముందు ఒకటి అడగండి: "చీలిందని ఎలా తెలిసింది?" చిగురులో ఒకేచోట లోతుగా దిగిన ప్రోబో (చిగురు లోతు కొలిచే సన్నటి పరికరం), 3డీ స్కానో, మైక్రోస్కోప్‌లో కనిపించిన గీతో, ఏదో ఒకటి చూపించగలగాలి. చూపించకపోతే ఇంకో ఎండోడాంటిస్ట్‌కు (రూట్ కెనాల్ స్పెషలిస్టుకు) ఎక్స్‌రే చూపించి వచ్చాకే కుర్చీ ఎక్కండి.