మహారాజశ్రీ రంపపు పొట్టు గారికి

మహారాజశ్రీ రంపపు పొట్టు గారి సముఖమునకు, గుంటూరు బ్రాడీపేటలో ఒక మేడ మీది రేకుల షెడ్డు నుంచి వ్రాసుకొను విన్నపము. షెడ్డు నాదని, తమరు అప్పుడప్పుడు వచ్చిపోయే చుట్టమని పైకి చెప్పుకుంటున్నా, ఎవరి ఇంట్లో ఎవరు ఉంటున్నారో మనిద్దరికీ తెలిసిన విషయమే.

ఇంట్లో చిన్న వడ్రంగి పని పెట్టుకోవాలనుకునే ప్రతివాడూ ముందుగా పనిముట్ల జాబితా రాసుకుంటాడు. రంపం, చిత్రిక, ఉలులు, మూలమట్టం, డ్రిల్లు, ఆపైన చేతిలో డబ్బు ఆడితే టేబుల్ సా అనే బల్లకు బిగించిన మెషీను రంపం, చెక్కను అరగదీసి నునుపు చేసే శాండర్. ఏ జాబితాలోనూ తమరి పేరు కనబడదు. కానీ షెడ్డులో తయారయ్యే మొదటి సరుకు తమరే. మెషీను బ్లేడు కోసిన ప్రతి గీతకూ దాదాపు 3 మిల్లీమీటర్ల మందం చెక్క తమరి ఖాతాలో జమపడుతుంది. అడితిలో బేరమాడి, ఘనపుటడుగుల లెక్కన టేకుకు డబ్బు కట్టేది నేను. కోతకు ఇంతని సుంకం పుచ్చుకునేది తమరు.

ఒకప్పుడు తమరికి గౌరవప్రదమైన కొలువులు ఉండేవి. ఇనుప పొయ్యి నడుమ సీసా నిలబెట్టి, చుట్టూ తమరిని కూరి, గట్టిగా దట్టించి, సీసాను మెల్లగా తిప్పుతూ పైకి లాగేస్తే, ఆ మిగిలిన సందులోంచి లేచిన మంట మీద ఇంటిల్లిపాదికీ వంట అయిపోయేది. సోడా కొట్లలో ఐసు గడ్డ కరగకుండా గోనెపట్టా కింద కాపలా కాసిందీ తమరే. కొండపల్లిలో ఇప్పటికీ చింతగింజల పిండితో కలిసి మక్కు అయి, పొణికి చెక్క బొమ్మలకు కాళ్లూ చేతులూ అతికిస్తున్నారు. ఆ ఒక్క ఉద్యోగం తప్ప మిగిలినవన్నీ గ్యాసు బండా ఫ్రిజ్జూ ఊడబెరికాయి. పని పోయినవారు బంధువుల ఇంట తిష్ఠ వేయడం లోకసహజమే గాని, అందుకు తమరు నా ఊపిరితిత్తులను ఎంచుకోవడమే కొంచెం ఇబ్బందిగా ఉంది.

మా ఊరివాళ్లకు ధూళి కొత్త కాదు. సీజనులో మిర్చి యార్డు గేటు దాటకముందే తుమ్ములు మొదలవుతాయి. మిరపకాయ నిజాయితీపరురాలు, తాను వస్తున్నట్టు ముక్కుకు ముందే కబురు పంపుతుంది. తమరిలో అంత మర్యాద లేదు. చిత్రిక పట్టినప్పుడు చుట్టలు చుట్టుకుని రాలే తమరి పెద్దన్నలు పాపం నేల మీద పడి చీపురుకు లొంగుతారు. శాండర్‌కు పుట్టిన సంతానంతోనే చిక్కంతా. తల వెంట్రుక మందంలో పదో వంతు కూడా లేని ఆ రజను, మోటారు ఆపిన తరవాత కూడా గంటల తరబడి గాలిలో తేలుతూ, నేను మాస్కు తీసి టీ తాగే క్షణం కోసం ఓపికగా ఎదురుచూస్తుంది. చెక్క ధూళి మనుషులకు క్యాన్సర్ తెచ్చే పదార్థాలలో మొదటి వర్గానికి చెందినదని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే ప్రకటించింది. ఇంత పెద్ద బిరుదు పొంది కూడా తమరు సన్మానానికి ఒప్పుకోక, అమాయకంగా కిటికీ ఊచల మీద కూర్చోవడం తమరి వినయానికి నిదర్శనం. చెక్క నారను జిగురుతో అదిమి చేసిన ఎం.డి.ఎఫ్. పలక కోసిన రోజైతే అందులోని ఫార్మాల్డిహైడ్ జిగురును కూడా వెంటబెట్టుకుని, సకుటుంబ సపరివారంగా వేంచేస్తారు.

తమరిని పట్టడానికి పెయింటు బకెట్టు మూత మీద సైక్లోన్ గొట్టం బిగించాను. వ్యాక్యూమ్ లాగిన గాలి అందులో గిర్రున తిరిగి, బరువైనవారిని బకెట్టులోకి జారవిడుస్తుంది. మరీ సన్ననివారు ఫిల్టరు దాకా ప్రయాణిస్తారు. ముక్కుకు కండువా కట్టుకుంటే చాలనే పెద్దల మాట తమరు ఎంతో ఇష్టపడతారని తెలిసే, ఎన్‌95 మాస్కుకు మారాను. గోడకు ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టాను. అది పెట్టిన మర్నాడే పక్క మేడ పిన్నిగారు వడియాల చాప పట్టుకుని వచ్చి, "జీలకర్ర వేశాను బాబూ, టేకు వేయలేదే!" అన్నారు. తెల్లటి వడియాల మీద ఎర్రటి పూత సమంగా పరుచుకుని ఉంది. అంత సమంగా నేను పాలిషు కూడా వేయలేను.

అందుచేత కొన్ని షరతులు మనవి చేసుకుంటున్నాను. ఫ్యాను తూర్పు గోడకు మారుతుంది. తమరు పిన్నిగారి వైపు చూడరాదు. అవిసె నూనె పట్టించిన గుడ్డలు ముద్దగా పడి ఉంటే వాటంతటవే వేడెక్కి అంటుకునే గుణం కలవి కనుక, వాటితో తమరికి స్నేహం కుదరదు. వాటిని విడిగా, విప్పి ఆరబెడతాను. పెద్ద పలకల కోత ఆరుబయటే జరుగుతుంది. షెడ్డులో శాండర్ తిరిగినంత సేపూ వ్యాక్యూమ్ తిరుగుతుంది, అది ఆగిన తరవాత కూడా గంటసేపు మాస్కు దిగదు, టీ కిందనే.

తమరు ఏ షరతుకూ సంతకం పెట్టరని తెలుసు. వచ్చే ఆదివారం 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ షీటు ఒకటి దిగుతోంది. బకెట్టు ఖాళీ చేసి ఉంచుతాను. చిత్తగించవలెను.