తక్కువమంది నడిచిన దారి గారికి

అయ్యా దారిగారూ, నమస్కారం. మీ అడవిలో మీరు కులాసాగా ఉన్నారనుకుంటా. నిన్న మీవల్ల నాకు రెండు మార్కులు పోయాయి, మధ్యాహ్నం మొత్తం పోయింది, అందుకే ఈ ఉత్తరం.

కోచింగ్ సెంటర్ మాక్ టెస్ట్‌లో మీమీద ప్రశ్న, రాబర్ట్ ఫ్రాస్ట్ రాసిన 'ద రోడ్ నాట్ టేకెన్' పోయెంలో కవి ఏం చెప్తున్నాడని. బి: నలుగురూ వెళ్లని దారిలో వెళ్లే ధైర్యం. డి: దారులు రెండూ ఒకటే, తేడా ఉందని తర్వాత మనం అల్లుకునే కథ. నేను డి పెట్టా. కీలో బి. సార్ కోసం రెండు గంటలు మెట్లమీద కూర్చుని, ఫోన్లో పోయెం తీసి పదో లైన్ కింద వేలు పెట్టి చూపించా, రెండూ దాదాపు ఒకేలా అరిగున్నాయని ఫ్రాస్టే రాశాడు, చాలదన్నట్టు ఆ పొద్దున రెండిట్లోనూ ఎవరూ తొక్కని ఆకులే ఉన్నాయని వెంటనే మళ్లీ చెప్పాడు, ఇంకేం కావాలి? సార్ టీ గ్లాసు దించకుండానే "అమ్మా, కీలో బి అంటే బి. తక్కువమంది నడిచిన దారి పట్టా, తేడా అంతా దానివల్లే అని చివరి మూడు లైన్లలో ఉంది చూసుకో, చాలు" అన్నాడు. ఆయన వెనక ఫ్లెక్సీలో మీ ఫొటో, పక్కనే సార్ ఫొటో, కింద 'తక్కువమంది నడిచే దారిలో నడవండి'. ఆ ఫ్లెక్సీ ముందు 180 మందిమి, బెంచీకి ఐదుగురం.

మిగతావాళ్లతో నాకింత పేచీ లేదు. 'ద గ్రేట్ గాట్స్‌బీ' నవల్లో పచ్చలైటు అంటే అమెరికన్ డ్రీమ్, రాసేశా, మార్కు పడింది. 'ద ఓల్డ్ మాన్ అండ్ ద సీ' రాసిన హెమింగ్వే అయితే ముసలాయన ముసలాయనే, సముద్రం సముద్రమే, సింబాలిజం ఏం లేదని 1952లో ఉత్తరం రాసి మరీ చెప్పాడు, అయినా గైడులో ముసలాయన క్రీస్తే. పోనీలే.

నీ సంగతే మింగుడు పడట్లేదు. ఇంగ్లండ్‌లో ఫ్రాస్ట్‌తో వాకింగ్‌కి వచ్చే స్నేహితుడు ఎడ్వర్డ్ థామస్, ఏ దారిలో వెళ్లొచ్చినా అయ్యో అటు వెళ్లుంటే బావుండేది అని నసిగేవాడట, అతన్ని ఆటపట్టించడానికి పుట్టావు నువ్వు. 1915లో చదవమని పంపిస్తే ఆ థామస్‌కే జోక్ ఎక్కలేదు, ఇక మా సార్ ఎంత. ఆ ఏడే అతను సైన్యంలో చేరాడు, 1917లో ఫ్రాన్స్‌లో అర్రాస్ దగ్గర యుద్ధంలో చచ్చిపోయాడు. అలాంటి నిన్ను తెచ్చి ఫీజు వివరాల పైన అతికించారు! ఎన్నో ఏళ్ల తర్వాత నిట్టూరుస్తూ ఇలా చెప్పుకుంటా అని పదహారో లైన్లో ఉంది కదా, ఆ నిట్టూర్పుని ఏ ఫ్లెక్సీవాడూ వేయడేం?

ఇంటికొస్తే పెద్దమ్మ వచ్చుంది. "ఏమే, అందరూ ఇంజనీరింగ్ చేస్తుంటే నువ్వెందుకే ఈ ఇంగ్లీషు ఎంఏలో పడ్డావ్?" అంది.

"అందరూ పోయే దారి నాకెందుకులే అనుకున్నా పెద్దమ్మా" అన్నా.

ఎంసెట్ ర్యాంకు మాట ఎత్తలేదు. నిట్టూర్పు మాత్రం దానంతటదే వచ్చేసింది.