జేసన్ బాబిన్ దేశదిమ్మరా, పనివాడా?

ఫిలడెల్ఫియా దగ్గర ఇరవై ఏళ్లుగా ఉంటూ ఈగల్స్ జట్టంటే ప్రాణం పెట్టే మామయ్యకీ, మేనల్లుడు రవికీ మధ్య జరిగిన వాదన ఇది. అమెరికన్ ఫుట్‌బాల్‌లో జట్టు తర్వాత జట్టు మారిన డిఫెన్సివ్ ఎండ్ (రక్షణ వరుస చివర నిలబడి ఎదుటి జట్టు మీదికి ఉరికే ఆటగాడు) జేసన్ బాబిన్ గురించి.

మామయ్య: 2004లో, కాలేజీ కుర్రాళ్లని జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, హ్యూస్టన్ జట్టు బాబిన్‌ని మొదటి రౌండ్‌లోనే, 27వ పేరుగా తీసుకుంది. తర్వాత సియాటిల్, కాన్సాస్ సిటీ, మన ఈగల్స్, టెనెసీ, మళ్లీ ఈగల్స్, జాక్సన్‌విల్, న్యూయార్క్ జెట్స్. సరుకున్నవాణ్ని ఎవరైనా వదులుకుంటారా? దేశదిమ్మరి అంటాం మనం ఇలాంటివాణ్ని.

రవి: తాపీ మేస్త్రీ ఊరూరా ఇళ్లు కడితే దేశదిమ్మరి అంటామా మామయ్యా? అసలు సంగతి వినండి. కాలేజీలో ఆయన చెయ్యి నేలకి ఆనించి, ముందుకి ఉరికే ఎండ్. హ్యూస్టన్ ఆయన్ని నిలబెట్టి లైన్‌బ్యాకర్‌ని, అంటే ఆ ముందు వరుస వెనక నిలబడి ఆడేవాణ్ని, చేసింది. చేతికి అలవాటైన పనిముట్టు లాక్కుని పని సరిగ్గా రాలేదంటే ఎలా? 2010లో టెనెసీలో జిమ్ వాష్‌బర్న్ అనే కోచ్ ఆయన్ని లైన్‌కి బాగా బయటగా, దూరంగా పెట్టాడు. వేళ్లు గడ్డిలో దిగి ఉంటాయి, నడుము పైకి లేచి ఉంటుంది, చూపంతా బంతి మీదే. బంతి కదిలిన క్షణంలో మొదటి అడుగు పడిపోతుంది. ఎదురుగా ఉన్న మూడొందల పౌన్ల మనిషి పక్కకి తిరిగేలోపు ఈయన భుజం వంచి దాటేస్తాడు. క్వార్టర్‌బ్యాక్ అంటే ఎదుటి జట్టులో బంతి విసిరేవాడు; బంతి విసిరేలోపే వాణ్ని పడగొట్టడమే సాక్. ఆ ఏడాది పన్నెండున్నర సాక్‌లు. 2011లో వాష్‌బర్న్‌తో పాటు ఈగల్స్‌కి వచ్చి 18 కొట్టాడు. లీగ్ మొత్తంలో జారెడ్ అలెన్, డిమార్కస్ వేర్ తర్వాత ఈయనే!

మామయ్య: ఆ ఏడాది మన జట్టు ఎన్ని గెలిచింది? ఎనిమిది. ఎన్ని ఓడింది? ఎనిమిది. ప్లేఆఫ్స్‌కే వెళ్లలేదు. వాడు అంత బయటినుంచి ఉరికితే, లోపల మిగిలిన సందులోంచి బంతి పట్టుకున్నవాడు దూసుకుపోయేవాడు. చలిలో స్టేడియంలో కూర్చుని కళ్లారా చూశాన్రా. సాక్‌లు వాడి ఖాతాలో, ఓటమి మా ఖాతాలో.

రవి: సందు ఉన్న మాట నిజమే, కాదనను. కానీ అక్కడ నిలబడమన్నది కోచ్.

మామయ్య: జట్టు మారినా గెలిచేవాడు గెలుస్తాడు. మన అంబటి రాయుడిని చూడు, ముంబైలోనూ చెన్నైలోనూ ఐపీఎల్ కప్పులు కొట్టాడు.

రవి: అలాంటివాణ్నే 2019 ప్రపంచకప్‌కి వదిలేశారు కదా?

మామయ్య: దాన్ని దీంతో కలపకు! అది పచ్చి అన్యాయం. నాలుగో నంబర్‌లో రాయుడు ఉండాల్సింది, ఇప్పటికీ అదే అంటాను.

రవి: రాయుడిని వదిలేస్తే అన్యాయం, బాబిన్‌ని వదిలేస్తే చేతకానితనమా? 18 సాక్‌లు కొట్టిన మరుసటి ఏడాదే, 2012 నవంబర్‌లో, సీజన్ మధ్యలో ఈగల్స్ ఆయన్ని తీసేసింది. అప్పటికి 32 ఏళ్లు. లాకర్ ఖాళీ చేసి సంచి సర్దుకోవాలి. జాక్సన్‌విల్ తీసుకుంది. కొత్త ఊరు, కొత్త కోచ్‌లు, కొత్త సైగలు. నేర్చుకోవడానికి రోజులే టైమ్. అయినా 2013లో పదహారు ఆటలూ ఆడి ఏడున్నర సాక్‌లు చేశాడు. పని వచ్చు కాబట్టే కదా మళ్లీ మళ్లీ పిలిచారు?

మామయ్య: పిలిచారు, మళ్లీ వదిలేశారు కూడా. ఇల్లూ వాకిలీ, పెళ్లాం బిడ్డలు... ఎన్నిసార్లని మూటలు కడతాడు? అదీ ఒక బతుకేనా?

రవి: కష్టమే మామయ్యా. అందుకే ఆయనంటే నాకు గౌరవం.

మామయ్య: సరే, 2011 ఆట ఒకటి పెట్టు. ఆ సందు ఎంతుందో నీకే చూపిస్తాను.

రవి: పెడతాను. మీరు ముందు ఆయన మొదటి అడుగు చూడండి.