రోహిణి కార్తెలో 11 గంటలకు సభా?

పోయిన మే నెలాఖరున విజయవాడలో అమెరికాలోని మన తెలుగు సంఘం చేసిన స్కాలర్‌షిప్పుల కార్యక్రమం ఫొటోలు మీరంతా చూసే ఉంటారు. జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, జ్ఞాపికలు, చెక్కులు పట్టుకున్న పిల్లలు. ఆ ఫొటోల్లో పడని సంగతి ఒకటుంది. అది అప్పటి నుంచీ నన్ను నిలవనీయడం లేదు. సంఘం మీద కోపంతో ఇది రాయడం లేదు. పదేళ్లుగా వాలంటీర్‌గా ఉన్నాను, ఆ రోజు ఏర్పాట్లు చూసినవాళ్లలో నేనూ ఒకదాన్ని.

ఆహ్వాన పత్రికలో "ఉదయం 11 గంటలకు" అని వేశాం. సత్యనారాయణపురంలో మా ఇంట్లో కూర్చుని అమ్మకి ఫోన్‌లో చూపిస్తే, కళ్లజోడు సర్దుకుని రెండుసార్లు చదివింది.

"రోహిణి కార్తెలో పదకొండింటికి సభేంటే? ఎవరొస్తారు?"

"హాల్లో ఏసీ ఉందమ్మా."

"హాలు దాకా ఉందా?"

నా దగ్గర జవాబు లేదు. సాయంత్రం గుంటూరులో మాకు ఇంకో కార్యక్రమం, రాత్రికి కొందరికి హైదరాబాద్ ప్రయాణం. అందరికీ కుదిరే టైమ్ అదొక్కటే అనుకున్నాం. ఆ అందరిలో పిల్లల్ని లెక్కేసుకోలేదని తర్వాత తెలిసింది.

పదిన్నరకే వచ్చేశారు పిల్లలు. కృష్ణలంక నుంచి, సింగ్‌నగర్ నుంచి, వన్‌టౌన్ వైపు కొండ మీద ఇళ్ల నుంచి మెట్లు దిగి, బస్సు మారి, బస్టాపు నుంచి నడిచి వచ్చారు. కొందరి నెత్తిన తడి తువ్వాళ్లు. వాళ్లు కూర్చున్న పావుగంటకి కరెంటు పోయింది. జనరేటర్‌తో స్టేజీ లైట్లూ ఫ్యాన్లూ తిరిగాయి కానీ ఏసీలు ఆడలేదు. మా బృందం కార్లలో 11:40కి చేరింది. ముఖ్య అతిథిగారు వచ్చేసరికి 12:20 అయింది. పిలిచిన పిల్లల్లో సగం మందికి పైగా రాలేదు, వెనక కుర్చీలన్నీ ఖాళీ.

ఆ ఖాళీ కుర్చీల్ని చూసి కాబోలు, మావాళ్లలో ఒకాయన మైకు తీసుకుని ఇలా అన్నారు. "మనవాళ్లతో ఇదే సమస్య. టైమంటే లెక్క లేదు. మేముండే చోట మైనస్ ఇరవైలో కూడా ఎనిమిదింటికల్లా డ్యూటీలో ఉంటాం. ఇక్కడ మధ్యాహ్నమైతే చాలు, తలుపులేసుకుని పడుకుంటారు. బాగుపడమంటే ఎలా బాగుపడతాం?"

ముందు వరుసలో ఉన్న మేం చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను.

ఆలస్యంగా వచ్చింది మేము, మా అతిథి. మాట పడింది పదిన్నరకే వచ్చి ఉక్కలో కూర్చున్న పిల్లలు. నా పక్క వరుసలో ఒక మామ్మగారు పమిట చెంగుతో మనవరాలికి విసురుతోంది. పిల్ల టెన్త్ మంచి మార్కులతో పాసైంది. పేరు పిలిస్తే లేచి నాలుగడుగులు వేసి, కళ్లు తిరుగుతున్నాయంటూ స్టేజీ మెట్టు మీద కూర్చుండిపోయింది. మామ్మగారు నా వైపు చూసి, "కాస్త మజ్జిగుంటే ఇప్పించు తల్లీ" అంది. మజ్జిగ లేదు. కూల్‌డ్రింకులు, బిర్యానీ ప్యాకెట్లు, రెండు పెట్టెల జ్ఞాపికలు ఉన్నాయి. నీళ్లలో ఉప్పు, పంచదార కలిపి పట్టించాం. కాసేపటికి తేరుకుంది. వెళ్లేటప్పుడు ఆ పెద్దావిడ నిష్ఠూరం లేకుండానే ఒక మాట చెప్పింది. "మావాడు తాపీ పనికి తెల్లారగట్ల పోతాడమ్మా. ఎండ ముదిరేలోపు ఎంత పనైతే అంత చెయ్యాలి. సాయంత్రం పెట్టుంటే వాడూ వచ్చి కూతుర్ని చూసుకునేవాడు."

ఆ రాత్రి డాబా మీద పడుకుని ఆ తలుపులు వేసుకోవడం గురించే ఆలోచించాను. మా అమ్మా తలుపులు వేసుకుంటుంది. కానీ అది ఆమె రోజులో సగం కథే. ఎండాకాలంలో ఆమెకి నాలుగింటికి తెల్లవారుతుంది. లేస్తూనే కిటికీలన్నీ బార్లా తీసి రాత్రి చల్లదనాన్ని ఇంట్లోకి రానిస్తుంది. కళ్లాపి, ముగ్గు, స్నానం, పూజ, ఏడు కాకముందే రైతుబజారు, తొమ్మిదికల్లా వంట ముగించి పొయ్యి ఆర్పేయడం. అప్పుడు వేస్తుంది తలుపులు, లోపలి చల్లదనం బయటికి పోకుండా, బయటి సెగ లోపలికి రాకుండా. మా చిన్నప్పుడు పడమటి కిటికీకి వట్టివేళ్ల తడిక కట్టి గంటకోసారి నీళ్లు చల్లేవాళ్లం. పన్నెండు నుంచి మూడు దాకా నడుం వాలుస్తుంది. నాలుగున్నరకి మళ్లీ పని మొదలు. పొద్దు వాలాక డాబా మీద బిందెలకి బిందెలు నీళ్లు గుమ్మరిస్తే, పగలంతా కాగిన స్లాబు బుస్సుమని ఆవిరి కక్కుతుంది. పడుకునేసరికి పది దాటుతుంది. ఇలా బతికే మనిషిని బద్ధకస్తురాలని ఎలా అనగలం?

ఊరంతా ఇలాగే తన గడియారాన్ని ఎండని బట్టి తిప్పుకుంటుంది. మార్చి మధ్య నుంచే ఒంటిపూట బడులు, ఉదయం 7:45కి మొదలై పన్నెండున్నరకి అయిపోతాయి. మధ్యాహ్నం రెండింటికి నిర్మానుష్యంగా ఉండే బీసెంట్ రోడ్డు మీద రాత్రి ఎనిమిదింటికి కాలు పెట్టే చోటుండదు. గుంటూరు మిర్చి యార్డు అంతటిదానికి కూడా మే నెలలో సెలవులిస్తారు. ప్రకాశం బ్యారేజీ మీద నడక చూడాలంటే ఐదింటికి వెళ్లాలి.

మా తాతయ్య అలంకార్ సెంటర్ దగ్గర ఏటా చలివేంద్రం పెట్టేవారు, ఉగాది నుంచి మృగశిర వచ్చేదాకా. తాటాకు పందిరి కింద ఇసుక పోసి, ఆరు కుండలు పెట్టి, చుట్టూ తడిగుడ్డ కట్టేవారు. సెలవుల్లో నీళ్లు పోసే పని నాది. ఆయన చెప్పిన ఒక సంగతి ఇంజనీరింగ్‌లో చదువుకున్నదానికంటే బాగా గుర్తుంది. పడమటి నుంచి వడగాడ్పు కొట్టే రోజున కుండ నీళ్లు పళ్లు జిల్లుమనేంత చల్లగా ఉండేవి. గాలి సముద్రం వైపు నుంచి వీచే రోజున, ఎండ కాస్త తగ్గినట్టే ఉన్నా, కుండ చల్లబడేది కాదు. "కుండకి పట్టిన చెమట ఆరితేనేనమ్మా నీళ్లు చల్లబడేది. మనిషీ అంతే" అనేవారు. గాలిలో తేమ ఉంటే ఒంటి మీద చెమట ఆరదు, ఆరకపోతే ఒంట్లో వేడి దిగదు. వడగాలి ప్రకటించడానికి వాతావరణ శాఖ మైదానాల్లో కనీసం 40 డిగ్రీలు ఉండాలంటుంది, తీర ప్రాంతాలకి మాత్రం 37 నుంచే లెక్కలోకి తీసుకుంటుంది. 2015 మే నెలలో మన రెండు రాష్ట్రాల్లో కలిపి వడదెబ్బకి చనిపోయినవాళ్లు 2,000 దాటారు. వాళ్లలో ఎక్కువమంది పెద్దవాళ్లు, ఎండలో పనికి వెళ్లకపోతే పూట గడవనివాళ్లు. మిట్టమధ్యాహ్నం ఇంటి పట్టున ఉండమని ప్రతి వేసవిలో ప్రభుత్వమే చెబుతుంది. మేం అదే వేళకి పిలిచి, రానివాళ్లని తప్పుపట్టాం.

ఇప్పుడు మనముండే చోటు సంగతి. నేనుండేది మినియాపోలిస్‌లో. 2019 జనవరి 30న ఇక్కడ మైనస్ 33 డిగ్రీలకి పడింది. బడులు మూసేశారు. ఉత్తరాలు పంచడం కూడా ఆ రోజు ఆపేశారు. మా ఆఫీసు నుంచి ముందు రోజే మెయిల్ వచ్చింది, ఎవరూ బయల్దేరవద్దని. నేను దుప్పటి కప్పుకుని మంచం మీద కూర్చునే పనిచేశాను. మైనస్ ఇరవైలో ఎనిమిదింటికల్లా డ్యూటీకి వెళ్తామన్న మాట నిజమే. కానీ వేడి చేసిన ఇంట్లోంచి, వేడి చేసిన కారులో, వేడి చేసిన ఆఫీసుకి వెళ్తాం. తెల్లవారేసరికి రోడ్డు మీద మంచు తీసి ఉప్పు చల్లినవాళ్లు వేరే ఉంటారు. అదంతా లేని రోజున మనమూ కదలం.

మన సంక్రాంతి సంబరాల మెయిల్ కింద ఏటా ఉండే వాక్యం మీకు గుర్తుండే ఉంటుంది: "మంచు ఎక్కువగా ఉంటే కార్యక్రమం వాయిదా పడుతుంది." ఒక ఏడాది అలా వాయిదా వేసి, పిల్లలకి భోగిపళ్లు ఫిబ్రవరిలో పోశాం. అందుకు మనల్ని ఎవరూ క్రమశిక్షణ లేనివాళ్లని అనలేదు. పిల్లలు జాగ్రత్తగా ఇల్లు చేరడం ముఖ్యమన్నారు, అంతే.

నాన్న ఒకసారి జనవరిలో ఇక్కడికి వచ్చారు. ఆయన లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. మంకీ క్యాపు, రెండు స్వెట్టర్లతో ఉన్న ఆయన్ని డౌన్‌టౌన్‌లో స్కైవేలు చూపించడానికి తీసుకెళ్లాను. భవనానికీ భవనానికీ మధ్య రోడ్డు పైనుంచి అద్దాల వంతెనలు, అన్నీ కలిపి దాదాపు 15 కిలోమీటర్లు, బయట అడుగు పెట్టకుండా బ్యాంకు నుంచి హోటల్‌కీ హోటల్ నుంచి షాపుకీ వెళ్లిపోవచ్చు. నాన్న అద్దానికి చెయ్యి ఆనించి చాలాసేపు కింద రోడ్డుని చూశారు. "మనం ఎండకి పందిరేసినట్టు వీళ్లు చలికి పందిరేసుకున్నారే అమ్మాయ్" అన్నారు. ఆయన గొంతులో ఇక్కడివాళ్ల మీద గౌరవం ఉంది. కొత్త ఊళ్లో అడుగుపెట్టిన వారానికే ఆయనకి అర్థమైన సంగతి, ఆ ఊళ్లో పుట్టి పెరిగిన నాకు విజయవాడ హాల్లో గుర్తుకి రాలేదు.

న్యాయంగా చెప్పాలంటే, మన ఊళ్లలో సభలు ఆలస్యం కావడానికి ఎండ ఒక్కటే కారణం కాదు. చల్లటి డిసెంబర్‌లోనూ పదింటి సభ పదకొండున్నరకే మొదలవుతుంది. అతిథి కోసం జనాన్ని కూర్చోబెట్టడం నాకు చిన్నప్పటి నుంచీ నచ్చదు, దాన్ని వెనకేసుకురాను. అయితే అది స్టేజీ మీద కూర్చునేవాళ్ల అలవాటు. కింద కూర్చునేవాళ్లు ఏ కాలంలోనైనా చెప్పిన టైమ్‌కే వస్తారు, ఆ రోజు వచ్చినట్టే. మైకు ఎవరి చేతిలో ఉందో వాళ్లకి ఇది కనబడడం కష్టం.

వచ్చే వేసవి కార్యక్రమం ముసాయిదా కమిటీ వాట్సాప్ గ్రూపులో పెట్టారు. టైమ్ "ఉదయం 10:30" అని ఉంది. దయచేసి అది ప్రింటుకి వెళ్లకముందే మార్చండి. పొద్దున్నే ఏడింటికి పెట్టి తొమ్మిదిలోపు ముగించినా సరే, సాయంత్రం ఆరున్నర తర్వాత పెట్టినా సరే. టైమ్ ఖాయం చేసేముందు ఆ పిల్లల స్కూలు హెడ్‌మాస్టర్లకి ఫోన్ చేసి వాళ్లకి ఏది వీలో అడగండి. హైదరాబాద్ ప్రయాణం ఒక రోజు వెనక్కి జరిపితే మనకేమీ నష్టం లేదు. అతిథి రాకపోయినా చెప్పిన వేళకి మొదలుపెట్టి, ముందు పిల్లల్ని పిలిచి చెక్కులిచ్చి, ప్రసంగాలు తర్వాత పెట్టుకుందాం. మంచు గురించి మనం రాసుకునే వాక్యం ఉంది కదా, అలాంటిదే ఎండ గురించీ ఒకటి రాద్దాం: "వడగాలుల హెచ్చరిక ఉంటే కార్యక్రమం మరో రోజుకి మారుతుంది, ప్రయాణ ఖర్చులు సంఘానివి."

ఆ రోజు మైకులో మాట్లాడినాయన నాకు అన్నయ్యలాంటివారు. సింగ్‌నగర్ పిల్లల ఫీజుల కోసం ఇక్కడ ఇల్లిల్లూ తిరిగి డబ్బు పోగు చేసింది ఆయనే. ఈ వ్యాసం అచ్చుకి ఇచ్చేముందు ఆయనకి చదివి వినిపించాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఆ మామ్మగారి ఫోన్ నంబరుందా?" అని అడిగారు. స్కూలు ద్వారా కనుక్కుంటున్నాను.

కమిటీ సమావేశం వచ్చే ఆదివారం. సభ సాయంత్రానికి మారితే నాలుగు బిందెల మజ్జిగ తను చేయించి పంపుతానని అమ్మ చెప్పింది. అల్లం, కరివేపాకు దట్టించి, ఉప్పు కాస్త ఎక్కువే వేయిస్తానంది.